నిలబడితే గుండె దడ: పోట్స్‌లో ఊపిరి లెక్క

గుండె దడగా ఉందని, కళ్ళు తిరుగుతున్నాయని ఎవరైనా అనగానే పక్కవాళ్ళ నోట మొదట వచ్చే మాట "గట్టిగా గాలి పీల్చుకోమ్మా". మంచి మనసుతో చెప్పే మాటే. కానీ నిలబడితే గుండె దడ పెరిగే పోట్స్ అనే జబ్బు ఉన్న మనిషి నిలబడి ఉండగా ఆ మాట విని నాలుగైదు సార్లు గుండెల నిండా గాలి లాగితే, కళ్ళు తిరగడం తగ్గకపోగా ఎక్కువవుతుంది. పెదాల చుట్టూ తిమ్మిరి, వేళ్ళ కొసల్లో చీమలు పాకినట్టు ఉండటం, ఆగని ఆవలింతలు తోడవుతాయి. ఊపిరి సాధన ఈ జబ్బులో నిజంగానే పనికొస్తుంది. అయితే ఎంత గాలి, ఎంత నిదానంగా, ఏ భంగిమలో అన్న లెక్క తప్పితే అదే బెడిసికొడుతుంది.

పోట్స్ అంటే పోస్ట్యురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్. పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న నాడి, లేచి నిలబడ్డ 10 నిమిషాల్లోపు నిమిషానికి 30 లేదా అంతకంటే ఎక్కువ పెరిగి అలాగే ఉంటుంది. 12 నుంచి 19 ఏళ్ల పిల్లల్లో ఈ హద్దు 40. ఆ సమయంలో బీపీ పై అంకె 20, కింది అంకె 10 మేర పడిపోకూడదు. పడిపోతే అది వేరే జబ్బు. ఈ బాధ కనీసం 3 నెలలుగా ఉండాలి. ఈ పేరుతో దీన్ని 1993లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో రోనాల్డ్ షోన్‌డార్ఫ్, ఫిలిప్ లో అనే ఇద్దరు వైద్యులు వర్ణించారు. యుక్తవయసు నుంచి నడివయసు దాకా ఉన్న ఆడవాళ్ళలోనే ఎక్కువ. వైరల్ జ్వరాల తర్వాత, కోవిడ్ తర్వాత కూడా మొదలవుతుంది.

మన ఇళ్ళలో దీనికి దొరికే పేరు మాత్రం "నరాల వీక్‌నెస్", లేకపోతే "టెన్షన్". ఈసీజీ బాగుంది, ఎకో బాగుంది, ఇంకేముంటుంది అంటారు. ఈసీజీ తీసేది పడుకోబెట్టి. ఈ జబ్బు బయటపడేది నిలబెడితే. నెల్లూరు నుంచో చిత్తూరు నుంచో తెల్లవారుజామున బండెక్కి చెన్నై ఆసుపత్రికి వచ్చిన అమ్మాయిని మంచం మీద పడుకోబెట్టి మాత్రమే పరీక్షించి పంపితే, ఆ ప్రయాణమంతా వృథా. పడుకున్నప్పటి నాడి, నిలబడ్డాక 1, 3, 5, 10 నిమిషాలకు నాడి, బీపీ రాయించుకోవాలి. దీనికి గడియారం, బీపీ మిషన్ తప్ప వేరే సరంజామా అక్కర్లేదు. రక్తహీనత, థైరాయిడ్ ఎక్కువగా పనిచేయడం, బీ12 లోపం కూడా ఇలాంటి దడనే తెస్తాయి కాబట్టి ఆ రక్త పరీక్షలు ముందు జరగాలి. హిమోగ్లోబిన్ 8కి పడిపోయిన మనిషికి ప్రాణాయామం నేర్పడం వైద్యం కాదు.

నిలబడినప్పుడు లోపల ఏం జరుగుతుంది

లేచి నిలబడగానే సుమారు అర లీటరు నుంచి ముప్పావు లీటరు రక్తం పొట్టలోకి, తొడల్లోకి, పిక్కల్లోకి దిగిపోతుంది. గుండెకు తిరిగొచ్చే రక్తం తగ్గుతుంది. మెడలోని కెరోటిడ్ ధమనిలో, గుండె పైనుండే బృహద్ధమని వంపులో ఒత్తిడిని పసిగట్టే నరాల కొసలు ఉంటాయి. అవి వెంటనే మెదడుకు కబురు పంపుతాయి. రక్తనాళాలు బిగుసుకుంటాయి, గుండె కాస్త వేగం పెంచుతుంది, కొన్ని క్షణాల్లో అంతా సర్దుకుంటుంది. ఈ ఏర్పాటునే బారోరిఫ్లెక్స్ అంటారు. పోట్స్‌లో కాళ్ళ రక్తనాళాలు సరిగా బిగుసుకోకపోవచ్చు, ఒంట్లో రక్తం పరిమాణమే తక్కువ ఉండవచ్చు, అడ్రినలిన్ జాతి హార్మోన్లు అతిగా ఊరవచ్చు. చాలామందిలో ఇవి కలగలిసి ఉంటాయి. కారణం ఏదైనా, లోటును పూడ్చే భారం గుండె వేగం మీదే పడుతుంది.

ఇక్కడే ఊపిరి కథలోకి వస్తుంది. నిలబడినప్పుడు పోట్స్ ఉన్న చాలామందిలో తమకు తెలియకుండానే ఊపిరి ఎక్కువవుతుంది. దానివల్ల రక్తంలోని కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది. ఆ వాయువు మామూలుగా 35 నుంచి 45 మిల్లీమీటర్ల పాదరస పీడనం మధ్య ఉండాలి. అది 1 మిల్లీమీటరు తగ్గితే మెదడుకు వెళ్ళే రక్తం సుమారు 2 నుంచి 4 శాతం తగ్గుతుంది, ఎందుకంటే మెదడు రక్తనాళాలు ఆ వాయువును బట్టే విచ్చుకుంటాయి, ముడుచుకుంటాయి. 40 ఉండాల్సింది 30కి దిగిందంటే మెదడుకు అందే రక్తంలో దగ్గర దగ్గర మూడో వంతు కోత పడ్డట్టు. బీపీ మిషన్‌లో అంకె బాగానే ఉన్నా కళ్ళు బైర్లు కమ్మడానికి, మాట తడబడటానికి, బుర్ర మొద్దుబారడానికి ఇదొక ముఖ్య కారణం.

కోవిడ్ తర్వాత చాలా ఇళ్ళలో వేలికి తగిలించే ఆక్సీమీటర్ ఉంది. దాన్ని చూసి "98 ఉంది, ఊపిరి బాగానే ఉంది" అనుకోవడం పెద్ద పొరపాటు. అది ఆక్సిజన్ చూపిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ గురించి ఏమీ చెప్పదు. అతిగా ఊపిరి తీసే మనిషికి 99 కూడా చూపిస్తుంది. ఆ పరికరాన్ని నాడి లెక్కకు వాడుకోవచ్చు, అంతవరకే.

850 మిల్లీలీటర్ల లెక్క

విశ్రాంతిగా ఉన్న మనిషి నిమిషానికి 12 సార్లు ఊపిరి తీస్తూ, ప్రతిసారీ అర లీటరు గాలి లోపలికి తీసుకుంటాడనుకుందాం. ఆ 500 మిల్లీలీటర్లలో సుమారు 150 గొంతులో, గాలి గొట్టాల్లోనే ఆగిపోతుంది, రక్తాన్ని తాకదు. మిగిలిన 350 ఇంటూ 12, అంటే నిమిషానికి 4,200 మిల్లీలీటర్లు. కార్బన్ డయాక్సైడ్ ఎంత బయటికి పోతుందో తేల్చేది ఈ అంకె.

ఇప్పుడు ఊపిరిని నిమిషానికి 6 సార్లకు తగ్గిద్దాం. అదే 4,200 రావాలంటే ఒక్కో ఊపిరిలో 700, దానికి ఆగిపోయే 150 కలిపితే 850 మిల్లీలీటర్లు చాలు. మామూలు ఊపిరికి రెండింతలు కూడా కాదు. కానీ "దీర్ఘశ్వాస" అనగానే జనం ఛాతీ ఉబ్బించి లీటరున్నర లాగుతారు. అప్పుడు 1,350 ఇంటూ 6, నిమిషానికి 8,100. ఊపిరి నిదానంగానే ఉంది, గడియారం ప్రకారం అంతా సరిగ్గానే ఉంది, అయినా కార్బన్ డయాక్సైడ్ అవసరానికి రెండింతల వేగంతో వెళ్ళిపోతోంది. సాధన మొదలుపెట్టిన మూడో రోజే "నాకు ఇది పడలేదు, తల తిరుగుతోంది" అని మానేసేవాళ్ళలో చాలామంది చేసిన తప్పు ఇదే. వాళ్ళకు పడనిది నిదానం కాదు, పరిమాణం. నేర్పేవాళ్ళు "లోతుగా" అనే మాట మానేసి "మెల్లగా, కొంచెంగా" అంటే సగం చిక్కు తీరుతుంది.

మరి ఆరే ఎందుకు? గాలి లోపలికి తీసేటప్పుడు గుండె కొద్దిగా వేగం పెంచుతుంది, వదిలేటప్పుడు మెదడు నుంచి గుండెకు వచ్చే వేగస్ నరం దాన్ని నెమ్మదింపజేస్తుంది. దీన్ని చేత్తో పట్టి చూడొచ్చు. వెల్లకిలా పడుకుని, మణికట్టు మీద బొటనవేలి వైపు రెండు వేళ్ళు ఆనించి, నిదానంగా ఊపిరి తీసి వదిలితే, తీసేటప్పుడు దెబ్బలు దగ్గరదగ్గరగా, వదిలేటప్పుడు దూరదూరంగా పడటం తెలుస్తుంది. గుండె వేగం తగ్గించే బీటా బ్లాకర్ మందు వాడేవారికి, వయసు పైబడినవారికి ఈ తేడా అంత స్పష్టంగా తెలియకపోవచ్చు. ఇక బారోరిఫ్లెక్స్‌కు కబురు వెళ్ళి, జవాబు వచ్చి, బీపీ మారడానికి కొన్ని సెకన్లు పడుతుంది. అందువల్ల దాని సహజమైన ఊగిసలాట సుమారు 10 సెకన్లకోసారి. ఊపిరి కూడా 10 సెకన్లకోసారి సాగితే, ఉయ్యాలను సరైన క్షణంలో తోసినట్టు రెండూ కలిసి ఊగుతాయి. అందరికీ సరిగ్గా 6 కుదరదు. నాలుగున్నర నుంచి 7 మధ్య ఎక్కడో ఒకచోట ఉంటుంది. 2001లో ఇటలీకి చెందిన బెర్నార్డి బృందం జపమాల ప్రార్థన, యోగ మంత్రం రెండూ ఊపిరిని నిమిషానికి ఆరుకు తెచ్చి బారోరిఫ్లెక్స్‌ను చురుకు చేస్తాయని ఆరోగ్యవంతుల్లో కొలిచి చూపింది. సహస్రనామాన్ని పరుగులు పెట్టకుండా, ఒక్కో పాదాన్ని ఒకే ఊపిరిలో సాగదీసి చదివే పెద్దవాళ్ళ పద్ధతిలో కూడా వదిలే ఊపిరి పొడవుగానే ఉంటుంది.

సాధన

మొదటి రెండు వారాలు పడుకునే చేయాలి. పడుకున్నప్పుడు రక్తం కాళ్ళలోకి దిగదు కాబట్టి దడ లేకుండా నేర్చుకోవచ్చు. భోజనమైన రెండు గంటల్లోపు వద్దు. అరిగించడానికి రక్తం పొట్టలోకి వెళ్తుంది కాబట్టి ఆ సమయంలో పోట్స్ లక్షణాలు ముదురుతాయి. వెల్లకిలా పడుకుని, మోకాళ్ళు మడిచి, తల కింద పల్చటి దిండు పెట్టుకోవాలి. బొడ్డు మీద ఒక కిలో ఉప్పు ప్యాకెట్ పెట్టుకోవాలి. ఊపిరి తీసినప్పుడు ప్యాకెట్ రెండు మూడు సెంటీమీటర్లు లేవాలి, వదిలినప్పుడు దిగాలి. ఛాతీ మీద పెట్టిన చెయ్యి దాదాపు కదలకూడదు. ప్యాకెట్ అంతకంటే ఎత్తుకు లేస్తోందంటే గాలి ఎక్కువ తీస్తున్నట్టే. ప్యాకెట్ కదలక భుజాలు చెవుల వైపు లేస్తున్నాయంటే, ఊపిరి ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే ఉదర వితానంతో (డయాఫ్రమ్‌తో) కాక మెడ కండరాలతో సాగుతోందన్నమాట. అలా చేసేవాళ్ళకే సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తాయి.

మొదటి వారం లెక్క ఏమీ వద్దు. నోరు మూసి, ముక్కుతో, 5 నిమిషాల చొప్పున రోజుకు రెండు సార్లు, ప్యాకెట్‌ను చూస్తూ ఉండటమే. రెండో వారం 3 సెకన్లు తీసి 4 సెకన్లు వదలాలి, నిమిషానికి సుమారు 8 నుంచి 9 అవుతుంది. హాయిగా ఉంటే 3 తీసి 5 వదలాలి, ఆ తర్వాత 4 తీసి 6 వదలాలి. నిమిషానికి 20 సార్లు ఊపిరి తీసే అలవాటున్న మనిషిని ఒక్కసారిగా ఆరుకు లాగితే గాలి చాలనట్టు ఉక్కిరిబిక్కిరవుతుంది, మధ్యలో పెద్ద నిట్టూర్పు వస్తుంది. ఆ నిట్టూర్పే గుర్తు. నిమిషానికి ఒకటి మించి వస్తే, వెనకటి లెక్కకు దిగాలి.

లెక్క గుండె దెబ్బలతో పెట్టుకోకూడదు. నాడి 120 ఉన్నప్పుడు నాలుగు దెబ్బలంటే రెండే సెకన్లు. అప్పుడు ఊపిరి నిమిషానికి 12కు చేరుతుంది, దడ పెరిగేకొద్దీ లెక్క కూడా పరుగెడుతుంది. గోడ గడియారం టిక్కులు, ఫోనులో నిమిషానికి 60 టిక్కులకు పెట్టిన మెట్రోనోమ్ (తాళం కొట్టే యాప్) నయం. సంగీతం నేర్చుకున్న పిల్లలున్న ఇంట్లో ఇంకో దారి ఉంది. ఖండ చాపు తాళం రెండు, మూడుగా విడుతుంది: తక, తకిట. ఒక్కో అక్షరానికి రెండు సెకన్లు ఇస్తే "తక"లో ఊపిరి తీయడం 4 సెకన్లు, "తకిట"లో వదలడం 6 సెకన్లు. తొడ మీద వేలితో తాళం వేస్తూ పోతే అంకెల ధ్యాస ఉండదు.

వదలడం ముక్కుతో కుదరకపోతే పెదాలు సున్నాలా చుట్టి వదలొచ్చు. ముందు దీపం ఉందనుకుంటే జ్వాల వంగాలి గానీ ఆరిపోకూడదు. పొట్ట బిగించి చివరి చుక్క దాకా గాలిని పిండేయడం వద్దు. తీయడానికీ వదలడానికీ మధ్య ఊపిరి బిగబట్టడం కూడా వద్దు.

మూడో వారం నుంచి కూర్చుని చేయాలి, కాళ్ళు నేలకు ఆని ఉండాలి. అయిదో వారం నుంచి గోడకు వీపు ఆనించి, మడమలు గోడకు జానెడు దూరంలో పెట్టి, 2 నిమిషాలతో మొదలుపెట్టి నిలబడి చేయాలి. పక్కన ఒకరుండాలి, వెనక మంచమో కుర్చీయో ఉండాలి. మొత్తం సాధన మెల్లగా రోజుకు 20 నిమిషాలకు చేరితే చాలు, రెండు విడతలుగానైనా సరే.

నిలబడ్డప్పుడు ఊపిరికి తోడు కాళ్ళు కూడా పనిచేయాలి. ఊపిరి తీసినప్పుడు ఛాతీలో పీడనం తగ్గి రక్తాన్ని పైకి లాగుతుంది, పిక్కలు బిగిస్తే కింది నుంచి తోస్తాయి. కాళ్ళు కత్తెరలా వేసి తొడలు, పిరుదులు బిగించడం, మడమలెత్తి దించడం, ఇవన్నీ ఊపిరి సాగుతూ ఉండగానే చేయాలి. ఒళ్ళు బిగించేటప్పుడు ఊపిరి కూడా బిగబట్టడం మనందరి అలవాటు. అది ఛాతీలో పీడనం పెంచి, గుండెకు తిరిగొచ్చే రక్తాన్ని అడ్డుకుంటుంది. చెన్నైలో ఏ అపార్ట్‌మెంట్‌లోనైనా తప్పని పని ఒకటుంది: 20 లీటర్ల నీళ్ళ క్యాన్ ఎత్తి స్టాండు మీద బోర్లించడం. వంగి, ఊపిరి బిగబట్టి, 20 కిలోలు ఎత్తి, చేతులు పైకి పెట్టడం, నాలుగూ పోట్స్‌కు పడనివే, నాలుగూ ఒక్క క్షణంలో. ఆ పని వేరేవాళ్ళకు అప్పగించడమో, క్యాన్ కింద పెట్టి వాడే పంపు కొనుక్కోవడమో మేలు. మలబద్ధకంతో ముక్కడం, ముగ్గు వేసి గొంతుకూర్చున్న చోటు నుంచి చటుక్కున లేవడం కూడా ఈ కోవలోవే. ముగ్గు పూర్తయ్యాక ముందు ఒక మోకాలు నేలకు ఆనించి, రెండు ఊపిరులు నిదానంగా వదిలి, అప్పుడు లేవాలి.

యోగా క్లాసులో

చెన్నైలో యోగా నేర్పేవారికి కొదవ లేదు. క్లాసులో చేరేముందు జబ్బు సంగతి చెప్పి, మూడు మినహాయింపులు అడగాలి. కపాలభాతి, భస్త్రిక వద్దు. వేగంగా ఊపిరి విసిరే ఈ క్రియలు కార్బన్ డయాక్సైడ్‌ను ఊడ్చేస్తాయి. కుంభకం, అంటే ఊపిరి బిగబట్టడం, వద్దు. వంగి లేచే సూర్యనమస్కారాలు వేగంగా వద్దు. ఒక్కో ముక్కు రంధ్రంతో మార్చి మార్చి ఊపిరి తీసే నాడీశోధన మంచిదే, కానీ చెయ్యి ముక్కు దగ్గర ఎత్తి ఉంచడమే కొందరికి దడ తెస్తుంది. మోచేతి కింద దిండు పెట్టుకోవాలి. భ్రామరి చాలామందికి సుఖంగా కుదురుతుంది, ఝుంకారం దానంతటదే వదిలే ఊపిరిని పొడిగిస్తుంది. 1976లో ఇక్కడ మొదలైన కృష్ణమాచార్య యోగ మందిరం సంప్రదాయంలో సాధనను మనిషికి తగ్గట్టు మలచడమే మూలసూత్రం. పోట్స్ ఉన్నవారికి కావలసింది అదే, ముప్పైమంది గుంపులో ఒకే లెక్కన అందరి చేతా చేయించే క్లాసు కాదు.

ఇక ఎండ. మే మొదటి వారంలో మొదలయ్యే కర్తరిని ఇక్కడి తమిళులు కత్తిరి వెయిల్ అంటారు. ఆ రోజుల్లో చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని రక్తాన్ని అటు మళ్ళిస్తాయి. సముద్రపు తేమ వల్ల చెమట ఆరదు, ఒళ్ళు చల్లబడదు, ఉప్పూ నీరూ మాత్రం పోతుంటాయి. జనవరిలో నిలబడి 10 నిమిషాలు చేసిన మనిషి మేలో 3 నిమిషాలకే కూలబడితే సాధన చెడిందని అర్థం కాదు. ఆ నెలల్లో మళ్ళీ పడుకుని, ఫ్యాను కింద చేయాలి. తెల్లవారుజాము చల్లగా ఉంటుంది గానీ రాత్రంతా నీళ్ళు తాగక పోట్స్ అప్పుడే ఎక్కువగా బాధిస్తుంది. మంచం పక్కనే సీసా పెట్టుకుని, లేవకముందే అర లీటరు నీళ్ళు తాగి, పావుగంట ఆగి, పడుకునే సాధన చేసి, ఆ తర్వాత కూర్చుని, చివరికి లేవాలి. అర లీటరు నీళ్ళు గబగబా తాగితే కొన్ని నిమిషాల్లో నిలబడే శక్తి పెరుగుతుంది, సుమారు గంటసేపు ఉంటుంది. రోజుకు 2 నుంచి 3 లీటర్ల నీరు, డాక్టరు ఒప్పుకుంటే అదనపు ఉప్పు. ఉప్పు వేసిన గంజి, పల్చటి మజ్జిగ, చారు ఇందుకు బాగా పనికొస్తాయి. బీపీ, కిడ్నీ జబ్బు ఉన్నవారు, గర్భిణులు ఉప్పు సొంతంగా పెంచకూడదు.

ఊపిరి సాధన తగ్గిన రక్త పరిమాణాన్ని పెంచదు, కాళ్ళ నరాలను బాగుచేయదు. నీరు, ఉప్పు, నడుము దాకా బిగుతుగా ఉండే మేజోళ్ళు, పడుకుని లేదా కూర్చుని చేసే కాళ్ళ వ్యాయామం, అవసరమైతే ప్రొప్రానలాల్, ఐవబ్రాడిన్, మిడోడ్రిన్ వంటి మందులు, వీటి పక్కన దాని స్థానం. సాధన కుదిరిందని మందు సొంతంగా ఆపితే, ముఖ్యంగా ప్రొప్రానలాల్ వంటి బీటా బ్లాకర్‌ను హఠాత్తుగా ఆపితే, గుండె వేగం ఒక్కసారిగా మళ్ళీ పెరుగుతుంది.

కూర్చున్నా పడుకున్నా ఒక్కసారిగా స్విచ్ వేసినట్టు నాడి 180కి ఎగిరి, మళ్ళీ అలాగే టక్కున ఆగితే అది పోట్స్ తీరు కాదు, ఎస్‌వీటీ అనే వేరే లయ దోషం కావచ్చు. ఆ సమయంలో ఈసీజీ తీయించాలి. పరుగెడుతూనో మెట్లెక్కుతూనో స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఇంట్లో చిన్న వయసులో హఠాన్మరణాలు ఉండటం, నాడి లయ తప్పి కొట్టుకోవడం, వీటిలో ఏది ఉన్నా ఊపిరి లెక్కలు పక్కన పెట్టి గుండె డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. స్పృహ తప్పిన మనిషి నిమిషం, రెండు నిమిషాల్లో తేరుకోకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఫలితం చూడటానికి నాడిని గంటగంటకూ తడుముకోనక్కర్లేదు, అలా చూసుకోవడమే దడ పెంచుతుంది. వారానికి ఒక్కసారి, ఒకే రోజు, ఒకే సమయంలో, కాఫీకి ముందు, పడుకున్నప్పటి నాడి, నిలబడ్డ 5 నిమిషాలకు నాడి రాసుకోవాలి. వాటి పక్కనే నిలబడ్డప్పుడు నిమిషానికి ఎన్ని ఊపిరులో ఇంట్లోవాళ్ళ చేత లెక్కపెట్టించాలి, తాను లెక్కపెట్టుకుంటే ఊపిరి మారిపోతుంది. 8 వారాల తర్వాత నాడి అంకె పెద్దగా మారకపోయినా, నిలబడ్డప్పటి ఊపిరి 22 నుంచి 14కు దిగి, కళ్ళు తిరగడం తగ్గితే సాధన పనిచేస్తున్నట్టే, కొనసాగించాలి. రెండూ మారకపోతే ఆ 20 నిమిషాలను పడుకుని చేసే కాళ్ళ వ్యాయామానికి ఇవ్వడం మంచిది.